ఆరో మాట

2006 ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం రెండూ ఐదుకు పేతురు ఐదో మాట చెప్పడానికి కుర్చీలోంచి లేచాడు. ఆరో మాట చెప్పవలసిన జ్ఞానశేఖర్ పక్క కుర్చీలో ఉన్నాడు. పేతురు అతనికి పిల్లనిచ్చిన మామ.

మారేడ్‌పల్లిలోని ఆ చర్చిలో గుడ్ ఫ్రైడే ఆరాధన పన్నెండుకు మొదలై మూడుకు ముగుస్తుంది. సిలువ మీద యేసు పలికిన మాటలు ఏడు. ఒక్కో మాట మీద సంఘంలో ఒక్కరు మాట్లాడతారు. మాటకూ మాటకూ మధ్య ఒక పాట. మాట్లాడే ఏడుగురికీ బలిపీఠం పక్కన ఏడు కుర్చీలు వేస్తారు. మూడు కాగానే గంట కొడతారు, అందరూ మోకరిస్తారు, ఆ తర్వాత వరండాలో మజ్జిగ తాగి ఉపవాసం విడుస్తారు. గంట కొట్టే మనిషి మైకు వినడు, గడియారం చూస్తాడు. ఇవన్నీ ఖాయం. పేతురు ఎంతసేపు మాట్లాడతాడన్నది ఒక్కటే ఖాయం కాదు.

పేతురు వాక్యం చదివాడు, దప్పిగొనుచున్నాను అన్నంతవరకు చదివి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు, కళ్ళజోడు జేబులోకి పోయిందంటే ఇక కాగితంతో పని లేదని అర్థం, మామ రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు, కాగితం వదిలేస్తే మళ్ళీ గార్డు పెట్టె ఎక్కేస్తాడు, ఎక్కడ దిగుతాడో ఎవరికీ తెలియదు, జ్ఞానశేఖర్ ఇలా అనుకుంటుండగానే మైకులోంచి వచ్చింది, “దేవుని బిడ్డలారా, కాజీపేట నీళ్ళు ఎట్లుంటయో మీకెరుకేనా?” కాజీపేట. కాజీపేటలో లైను రెండుగా చీలుతుంది. మామ డోర్నకల్ వైపు పోతే ఖమ్మం, మధిర, విజయవాడ, కృష్ణా నది, నది వచ్చాక ఎవరి దాహమైనా తీరాలి, మాట అక్కడితో ముగియాలి. బల్లార్షా వైపు తిరిగితే నాగపూర్, ఆ పైన ఇటార్సీ, ఇటార్సీలో నీళ్ళు పట్టుకునేలోగా మూడవుతుంది, గంట కొడతారు, ఆరో మాట ఎవరిదని ఎవరూ అడగరు. జ్ఞానశేఖర్ బల్లార్షా కోసం ప్రార్థన చేశాడు. చేశాక, ఇది చేయదగిన ప్రార్థన కాదని తోచింది. అయినా వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే చొక్కా జేబులో మడత పెట్టిన కాగితాలు ఉన్నాయి.

కాగితాల్లో ప్రసంగం ఉంది, ఉన్నంతవరకు ఉంది. దేవుడి సంకల్పం క్రీస్తులో నెరవేరిందని చెప్పాలంటే సంకల్పం ఎక్కడ మొదలైందో చెప్పాలి కదా అని ఏదెను తోట దగ్గర ఎత్తుకున్నాడు, స్త్రీ సంతానం పాము తల చితకగొడుతుందన్న మాట ఆ తోటలోనే వచ్చింది, అక్కడి నుంచి అబ్రాహాము, కొండ మీద పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు, కొడుకుకు బదులు పొట్టేలు, ఆ తర్వాత ఐగుప్తు, ద్వారబంధాలకు పూసిన గొర్రెపిల్ల రక్తం, ఆ తర్వాత ఎర్రసముద్రం. ఎర్రసముద్రం దగ్గర కాగితాలు ఆగిపోయాయి. ఇశ్రాయేలీయులు దాటారు, జ్ఞానశేఖర్ దాటలేదు. అక్కడి నుంచి సిలువ దాకా రాజులున్నారు, ప్రవక్తలున్నారు, చెర ఉంది. నిన్న కూర్చుని రాద్దామనుకున్నాడు, మొన్న కూడా అనుకున్నాడు. సమాప్తమైనది అన్న మాట మీద ప్రసంగం, అది సమాప్తం కాలేదు, ఈ సంగతి ప్రస్తుతానికి దేవుడికీ తనకీ తెలుసు, దేవకృపకు అనుమానం ఉంది.

దేవకృప అతని భార్య, ఎదురుగా పాటల బృందంలో రెండో వరుసలో ఉంది, అందరిలాగే తెల్లచీర. మొన్నటి మట్టల ఆదివారం నాడు ఆరాధన చివర పాస్టరు అయ్యగారు ఏడుగురి పేర్లు చదివినప్పుడు, ఆరో మాట సహోదరుడు జ్ఞానశేఖర్ అనగానే ముందు వరుసల్లో ఒకరిద్దరు దగ్గారు, నవ్వును దగ్గుగా మార్చుకున్న దగ్గు అది, వెనక వరుసల వాళ్ళు ఆ శ్రమ తీసుకోలేదు, అందరి నవ్వు మీదా ఒక నవ్వు వినిపించింది, అది బృందంలోంచి వచ్చింది. గొంతు బాగుంటుందనే ఆమెను బృందంలోకి తీసుకున్నారు, అందుకే ఆ నవ్వు చివరి బెంచీ దాకా చేరింది. బయట వేపచెట్టు కింద స్కూటరు తీస్తుంటే మామ వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. “ఏంది అల్లుడూ, నీకు ఆరో మాటనా? అయ్యగారు గల్తీ చేసిండు. నీకు మొదటిది ఇయ్యాలె. షురూ చేసుడు నీకు మస్తొస్తది.” మామ అన్నది నిజమే. నేరేడ్‌మెట్‌లో జ్ఞానశేఖర్ ఇల్లు కట్టాడు, కింది భాగం కట్టాడు, పైఅంతస్తుకు పిల్లర్లు లేపాడు, పిల్లర్లలోంచి చువ్వలు ఆకాశంలోకి చూస్తున్నాయి, పెద్దమ్మాయి పుట్టినప్పుడు లేచిన చువ్వలు, ఇప్పుడు ఆమె నాలుగో తరగతి, దేవకృప వాటికి తాడు కట్టి బట్టలు ఆరేస్తుంది, కాకులకు అవి అలవాటయ్యాయి. గిటారు ఉంది, మూడు తీగలతో ఉంది. దూరవిద్యలో పీజీ మొదటి ఏడు ఉంది. ఏటా జనవరి ఒకటిన బైబిలు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడతాడు, ఏడాదిలో చివరి పేజీ చేరాలని, ఫిబ్రవరిలో అరణ్యంలో దేవుడికి గుడారం వేసేచోట ఆగిపోతాడు, మళ్ళీ జనవరికి సృష్టి. ఆ ఇంట్లో దేవుడు వెలుగు కలుగును గాక అని చాలాసార్లు అన్నాడు, వాగ్దాన దేశంలోకి ఎవరూ చేరలేదు.

దేవకృప మంగళవారం చపాతీలు వత్తుతూ అంది, “ఇగో, ఒక్క పని ముగించి చూపియ్యి. లేచి మాట్లాడి, ఆమెన్ అని, వచ్చి కూసో. అంతే. అది చేస్తే ఏడాది దాకా పైఅంతస్తు ముచ్చట ఎత్తనే ఎత్త.”

“నిజంగనా?”

“గుడ్ ఫ్రైడే పూట అబద్ధమాడుతనా?”

“ఇయ్యాల మంగళవారమే.”

“గందుకే చెప్తున్న, ఇంక మూడొద్దులున్నయి, రాసుకో పో.”

ఏడాది. ఏడాది పాటు ఆదివారం భోజనాల దగ్గర స్లాబు మాట రాదు, సిమెంటు ధర మాట రాదు, పక్కింటివాళ్ళు పైన అద్దెకిచ్చుకున్నారన్న మాట రాదు. ఆ ఏడాది ఇప్పుడు మామ చేతిలో ఉంది, మామ డోర్నకల్‌లో ఉన్నాడు. అయితే విజయవాడ లైనే. “డోర్నకల్ల ప్లాట్‌ఫారం మీద ఇసుక పోసి, ఇసుక మీద కుండ పెట్టి, కుండకు తడిగుడ్డ సుట్టెటోళ్ళు. గా నీళ్ళు తాగితే ఇగ పానం లేచొస్తుండె,” అన్నాడు పేతురు, బెంచీల మీద జనం గుటకలు వేశారు, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని జనం, ఫ్యాన్లు వేడిగాలిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తున్నాయి, మూడో బెంచీలో ఒకాయన పెదవులు తడుపుకున్నాడు, ఒకామె చంటిబిడ్డ పాలసీసా వంక చూసి చూపు తిప్పుకుంది. యేసు దాహాన్ని సంఘానికి అర్థం చేయించడమే పని అయితే మామ ఆ పని చేశాడు, ఇక ఆపవచ్చు. మామ ఖమ్మం నీళ్ళు ఎత్తుకున్నాడు. ఖమ్మం నీళ్ళు ఉప్పన. ఏడో కుర్చీలోంచి సీతారత్నం టీచరమ్మ వంగింది, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి బడిలో చేసి రిటైరయిన మనిషి, ఏటా ఏడో మాట ఆమెదే. “మీ మావగారు ఎంతవరకూ వచ్చారయ్యా?”

“మధిర దాటిండ్రమ్మా.”

“అయితే కృష్ణ వచ్చేస్తుందిలే,” అని ఆమె వెనక్కి జారగిలబడింది. ఆమెకు తొందర లేదు. ఏటా ఆమె లేచి వాక్యం చదవడం, గంట మోగడం ఒకేసారి జరుగుతాయి.

కృష్ణ వస్తే తన వంతు. తన వంతు వస్తే తోట, పొట్టేలు, సముద్రం, ఆపైన నోరు తెరిచి నిలబడటం. ఆఫీసులో అయితే ఇబ్బంది లేదు, బేగంపేటలో ఏదో అవతలి దేశపు బీమా కంపెనీకి వాళ్ళ సాఫ్ట్‌వేరు చూసిపెట్టే పని, అక్కడ ఎవరూ ఏదీ అయిపోయిందని అనరు, తొంభై శాతం అయిందంటారు, మిగతా పదికి కొత్త తేదీ ఇస్తారు, జ్ఞానశేఖర్ అక్కడ ఎనిమిదేళ్ళుగా ఉన్నాడు, ఆ చోటి గాలి అతనికి పడింది. పక్క సీటు జాకీర్ది. జనగామ మనిషి, తండ్రి అక్కడ బట్టలు కుడతాడు. ఎవరైనా పని అయిందంటే కాలేదని పట్టుకోవడమే జాకీర్ ఉద్యోగం. బుధవారం లంచ్‌లో డబ్బా మూత తీస్తూ, “ఏందన్నా, పరేషాన్‌ల ఉన్నవ్?” అన్నాడు. జ్ఞానశేఖర్ ఆరో మాట సంగతి చెప్పాడు. జాకీర్ విన్నాడు, తల ఊపాడు. “మంచిదే గదన్నా. గని ఒక డౌటు. సిలువ మీద ఆయన పని అయిపోయిందన్నడు గద?”

“అన్నడు.”

“మరి మల్ల వస్తడంటరు గద మీరు?”

“వస్తడు.”

“అయిపోతే మల్ల వచ్చుడెందుకు?” జ్ఞానశేఖర్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. జాకీర్ చెయ్యి అడ్డం ఊపాడు. “తప్పు వట్టుడు కాదన్నా, మేం సుత ఈసా, అంటే మీ యేసు, మల్ల వస్తడనే అంటం. క్లోజ్ చేసిన కంప్లయింట్ టికెట్ మల్ల ఎందుకు ఓపెన్ అయితదని అడుగుతున్న. నా డ్యూటీ గదే గద.” ఆ పూట నుంచే కాగితం ఎర్రసముద్రం దాటలేదు. దాటి సిలువ దాకా వస్తే అక్కడ జాకీర్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంటాడు.

కృష్ణ వచ్చింది. బ్రిడ్జి మీద బండి నెమ్మదించింది, పేతురు కూడా నెమ్మదించాడు, జేబులోంచి కళ్ళజోడు తీశాడు. జ్ఞానశేఖర్ కాగితాల మీద చెయ్యి వేశాడు. “అయితే దేవుని బిడ్డలారా,” అన్నాడు పేతురు, “ఆయన దప్పి అయితుందని ఎప్పుడన్నడు? అంతా అయిపోయిందని ఎరిగినంక అన్నడు. నా వాక్యంలనే ఉన్నది చూడుండ్రి. గీడ జెర ఆగుదాం.” అంతా అయిపోయిందని. అది ఆరో మాట. మామ ఐదో మాటలోంచి గేటు తీసుకుని ఆరో మాటలోకి వచ్చేశాడు, వాక్యం చేతిలో పెట్టుకుని వచ్చాడు కాబట్టి పొమ్మనడానికీ లేదు. “అల్లుడు చెప్తడు. గని నేను సుత రెండు ముక్కలు చెప్త. బండి స్టేషన్ దాటుతుంటది. ఇంజను పోయింది, డబ్బాలు పోయినయి. స్టేషన్ మాస్టర్ ఏం చూస్తడు? ఆఖరి డబ్బా వెనక ఎర్రదీపం చూస్తడు. గది కనపడితేనే బండి పూరా వచ్చింది, మధ్యల ఏ డబ్బా తెగి నిలవడలే అని లెక్క. ప్రవక్తలు చెప్పిన మాటలన్నీ డబ్బాలు. ఎన్ని తరాల సంది వస్తున్నయి ఆ డబ్బాలు? ఆఖరి దీపం సిలువ మీద కనవడ్డది. ఒక్క డబ్బా తెగలే.” ఎవరో ఆమెన్ అన్నారు. గుడ్ ఫ్రైడే నాడు ఆమెన్ అరుదు. ఇంకో ఇద్దరన్నారు. అయ్యగారు గడియారం చూడటం మరిచిపోయారు.

జ్ఞానశేఖర్ కాగితాల మీది చెయ్యి తీసేశాడు. తోట నుంచి సముద్రం దాకా తాను కాగితాల మీద ఈడ్చుకొచ్చింది మామ ఒక్క దీపంతో దాటించాడు. బాగుంది. బాగుండటమే ఇబ్బంది. మాట అయిపోయింది, తనది అనుకున్నది ఇంకొకరు చెప్పారు, తనకంటే బాగా చెప్పారు, ఇప్పుడు గంట మోగినా సంఘానికి నష్టం లేదు, మోగితే తాను బతికిపోతాడు, బల్లార్షా ప్రార్థన విజయవాడ లైనులోనే ఫలించింది, అయినా ఇప్పుడు మోగవద్దనిపిస్తోంది, ఎందుకో. ఎందుకంటే దేవకృప తండ్రిని చూడటం లేదు, తనను చూస్తోంది. మైకు దగ్గర మామ గూడూరు అన్నాడు. గూడూరు అంటే బండి మద్రాసు వైపు మళ్ళింది. జ్ఞానశేఖర్ చూపు పక్కనున్న మామ కుర్చీ మీద పడింది, ఖాళీ కుర్చీ, చెక్కది, సండే స్కూలు గదిలోంచి తెచ్చింది, దాని మీద మామ రుమాలు మడతపెట్టి ఉంది, రిజర్వు చేసినట్టు. మామకు మోకాళ్ళు నొప్పి. నొప్పి ఉన్నా నిలబడే ఉన్నాడు, చెప్పవలసింది అయిపోలేదు కాబట్టి నిలబడ్డాడు, అయిపోతే కూర్చుంటాడు, మనిషి పని అయిపోయిందని కూర్చుంటేనే తెలుస్తుంది, అమ్మ అంట్లు తోమాక కూర్చునేది, కూర్చున్న అమ్మను చూస్తే తెలిసేది ఇక వంటింట్లో ఏమీ లేదని. గుడారంలో కుర్చీ లేదు.

కుర్చీ లేదు. ఎందుకు వచ్చింది ఆ మాట? ఫిబ్రవరి లోంచి వచ్చింది. ప్రతి ఫిబ్రవరీ తాను ఆగిపోయేది ఆ గుడారం సామాను దగ్గరే, మూరలూ కొలతలూ కొక్కేలూ చదువుతూ నిద్రపోయేది అక్కడే, ఇన్నేళ్ళుగా చదివి చదివి ఆ సామాను తన ఇంటి సామానుకంటే బాగా తెలుసు, రొట్టెల బల్ల ఉంది, దీపవృక్షం ఉంది, ధూపవేదిక ఉంది, బయట ఇత్తడి గంగాళం ఉంది, లోపల తెర అవతల మందసం అనే పెట్టె ఉంది. బలులు అర్పించే యాజకుడికి కుర్చీ లేదు. జాకీర్ లాగా మళ్ళీ చూశాడు, కరుణాపీఠం? అది మందసం మీది మూత, దాని మీద మనిషి కూర్చోడు. లేదు. పొద్దున ఒక బలి, సాయంత్రం ఒక బలి, రేపు మళ్ళీ, నిలబడే చెయ్యాలి, తరాలు నిలబడ్డారు, అది తొంభై శాతం దగ్గర ఆగిన పని. యేసు తన్ను తాను ఒక్కసారి అర్పించుకుని తండ్రి కుడిపక్కన కూర్చున్నాడు. ఆ సంగతి చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో అందరితో కలిసి పైకి అంటున్నాడు, కూర్చున్నాడని అంటూనే ఉన్నాడు, ఎందుకు కూర్చున్నాడని అడగలేదు. మరి మళ్ళీ రావడం. కూర్చున్నవాడు లేవడని ఎవరన్నారు. చేతిలో డబ్బాతో ఉన్న జాకీర్ కొంచెం పక్కకు జరిగాడు.

“ఇంక గూడూరు కాడ స్టేషన్ మాస్టర్ ఒకాయన—” అని పేతురు అంటున్నాడు. అయ్యగారు లేచి నిలబడ్డారు, పేతురు చూడలేదు. అయ్యగారు గొంతు సవరించుకున్నారు, పేతురు దాన్ని ఆమెన్ అనుకుని తల ఊపాడు. అప్పుడు బృందంలోంచి ఒక్క గొంతు పాట ఎత్తుకుంది. హార్మోనియం వెతుక్కుంటూ వచ్చి ఆ గొంతులో కలిసింది, మిగతా బృందం కలిసింది, సంఘం లేచి నిలబడింది. పేతురు కూతురి వంక చూశాడు. దేవకృప పాటల పుస్తకంలోకి చూసి పాడుతోంది, ఆ పాట ఆమెకు నోటికి వచ్చు. పేతురు వచ్చి రుమాలు తీసి కూర్చున్నాడు. మూడుకు ఇంకా పది నిమిషాలున్నాయి.

జ్ఞానశేఖర్ మైకు దగ్గరికి వెళ్ళాడు. కాగితాలు జేబులోనే ఉన్నాయి. ఆరో మాట చదివాడు.

“మా మామ నా మాట సుత చెప్పిండు,” అన్నాడు. “మంచిగ చెప్పిండు.” ముందు వరుసలో ఒకరు దగ్గారు. “నేను ఏటా వాక్యం మొదటి నుంచి చదువుడు షురూ చేస్త. గుడారం కాడ ఆగిపోత. మా ఇంట్ల ఎరుకే. అందుకే గుడారంల ఏం సామాను ఉండెనో నాకు నోటికొచ్చు. బల్ల ఉన్నది. దీపం ఉన్నది. ధూపవేదిక ఉన్నది. కాళ్ళు చేతులు కడుక్కోను గంగాళం ఉన్నది. కుర్చీ లేదు. యాజకుడు కూసోను జాగ లేదు, ఎందుకంటే ఆయన పని ఒడువది, అయిపోదు. పొద్దున బలి, మాపున బలి, తెల్లారి మల్ల. యేసు ఒక్కసారి ప్రాణం పెట్టిండు, తండ్రి కుడిపక్కన కూసున్నడు. దేవుడు మనకోసం ఏం చెయ్యాలనుకున్నడో అది ఆయన చేసిండు. మనం పూర్తి చేయాల్సింది అండ్ల మిగలలే. పూర్తి చేసుడు రానోళ్ళకు ఇది పెద్ద సంగతి. మరి మల్ల వస్తడు గద అని మా దోస్తు అడిగిండు. వస్తడు. పని మిగిలిందని లేవడు. మనల్ని తీస్కపోను లేస్తడు. ఆమెన్.”

వచ్చి కూర్చున్నాడు. పేతురు వంగాడు. “గింతేనా?”

“గింతే మామా.”

“టైమున్నది గద ఇంక?”

“ఉన్నది.”

“మరి?”

“ఒడిసింది మామా.”

పేతురు అతని వంక చూశాడు, గడియారం వంక చూశాడు. బృందం ఒక చరణం పాడింది. పుస్తకం అంచు మీద నుంచి దేవకృప ఒక వేలు చూపింది. ఏడాది. జ్ఞానశేఖర్ తల ఊపాడు.

అయ్యగారు ఏడో మాట పిలిచారు. సీతారత్నం టీచరమ్మ లేచింది, మైకు దగ్గర నిలబడి, యేసు తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించిన మాట చదివింది, పుస్తకం మూసి గంట కోసం ఆగింది. గంట మోగలేదు. ఆమె గోడ గడియారం చూసింది. చేతిలో కాగితం లేదు. ఏడో మాటకు కాగితం అవసరం ఆ చర్చిలో ఇంతవరకు రాలేదు. ఆమె జ్ఞానశేఖర్ వైపు తిరిగింది. “ఇదేంటయ్యా, ఇంకా టైముందీ!” అంది. మైకు తెరిచే ఉంది.

ఆమె వెళ్ళి కూర్చుంది. అయ్యగారు ఆరాధన క్రమం పేజీ తిప్పారు, వెనక్కి తిప్పారు, మిగిలిన సమయానికి అందులో ఏమీ రాసి లేదు. ఆయన కూడా కూర్చున్నారు. ఫ్యాన్ల చప్పుడు వినిపించింది, బయట ఆటో ఒకటి స్టార్ట్ కాక ఆగి ఆగి దగ్గడం వినిపించింది, తర్వాత అదీ పోయింది. చంటిబిడ్డ నిద్రపోయింది. పేతురు రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి సగం లేచాడు. బృందంలోంచి దేవకృప చూసింది. పేతురు కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.